మామూలు వేగం

దుకాణం పై గది,
శనివారం మధ్యాహ్నం

బావా,

ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న నీ కంప్యూటరులోని డబ్బాగొంతాయనకి ముందుగా నా దండాలు చెప్పు. నేను ముద్దుగా రాసినా, మండిపడి రాసినా ఆయనకి ఒకటేనట కదా. కళ్లు పోయాక నీకు మనుషుల కంటే మిషన్లతోనే పొత్తు బాగా కుదిరింది. కానీ ఏం చేస్తాం, ఆయన లేకపోతే నా ఉత్తరాలు నీకు చదివిపెట్టే దిక్కెవరు?

పెన్‌డ్రైవ్‌లో ఉత్తరంతో పాటు నవల కొత్త భాగం కూడా పెట్టాను. అక్క నీకు చదువుతూ చదువుతూ ఆగిపోయిన పేజీ నుంచి ఎత్తుకుని, ఒక్కో భాగమే పంపుతూ ఓడలో రెండో శవం దొరికేదాకా లాక్కొచ్చాను. ఈ భాగంలో ఇన్‌స్పెక్టరుకి జలుబు చేస్తుంది. అందుకని నేనూ కాస్త బొంగురుగా చదివాను. 'మా మరదలికి ఏమైంది' అని కంగారుపడకు, అది నా నటన.

ఇప్పుడు అసలు సంగతి. నీ పాత లాప్‌టాప్ నా నెత్తిన పెట్టి రికార్డు చేయడం నేర్పావు. చేసింది వినడం మాత్రం నేర్పలేదు. అందరి కంప్యూటర్లలో బొమ్మ మీద నొక్కితే పాట వస్తుంది. నీ దాంట్లో ఏముంది? ఒక నల్ల కిటికీ, అందులో మినుకుమినుకుమంటూ ఒక గీత. దాని ముందు కూర్చుంటే పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు కూర్చున్నట్టుంది. నేను చదివింది సరిగ్గా పడుతోందో లేదో ఒకసారి వినాలని ఉంది. ఎలాగో రాసి పంపు.

ఆదివారం ఫోన్ చేయలేదని అలగకు. నా ఫోన్‌లో మాట అవతలివాళ్లకి సరిగ్గా వినపడటం లేదు. బాగుచేయించాలి. కుట్టు దుకాణంలో ఒకటే పని. ఊళ్లో వాళ్లందరికీ ఒక్కసారే ప్యాంట్లు పొడుగైపోయినట్టున్నాయి.

వసపిట్ట


నాలుగో అంతస్తు, వంటగది బల్ల,
గురువారం

వసపిట్టా,

డబ్బాగొంతాయన నీ దండాలు అందుకున్నాడు. తిరిగి ఏమీ అనలేదు, మన దగ్గర కాస్త పొగరు చూపిస్తాడు.

నల్ల కిటికీని తిట్టకు. బొమ్మలు కళ్లున్నవాళ్ల కోసం. నేను మౌసు పట్టుకుంటే గోడ తడుముకుంటూ తలుపు వెతుక్కున్నట్టే. అదే అక్షరాలయితే నేను కొట్టిన ప్రతి ముక్కా ఆయన నా చెవిలో చదివిపెడతాడు. ఎక్కడున్నానో నాకు తెలుస్తుంది. ఈ ఇంట్లో కూడా నాకు అంత ధీమా ఉండదు.

ఇలా చెయ్యి. ఆ గీత పక్కన ఇంగ్లీషులో 'ప్లే' అని కొట్టు. ఒక ఖాళీ వదులు. తర్వాత ఫైలు పేరు పొల్లుపోకుండా కొట్టి ఎంటర్ నొక్కు. ఖాళీ వదలడం మర్చిపోయావనుకో, 'అలాంటిదేదీ లేదు' అని మొహాన కొడుతుంది. దానికి మొహమాటం లేదు. సరిగ్గా కొడితే మాత్రం ఇంకేమీ అడగదు, వెంటనే పాడేస్తుంది. ఆపాలంటే పొడుగు మీట. ఎడమ బాణం నొక్కితే కాస్త వెనక్కి, కుడి బాణం నొక్కితే కాస్త ముందుకి. చాలనుకుంటే ఇంగ్లీషు క్యూ అక్షరం నొక్కు, బయటికొచ్చేస్తావు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసే ఉద్యోగం ఇదే. ఆసుపత్రి డాక్టర్లు రోగులను చూశాక ఏం చూశారో మైకులో చెప్తారు. ఆ ఫైళ్లు నాకొస్తాయి, విని టైపు చేస్తాను. పెద్ద డాక్టరు నీళ్లు నములుతాడు. ఆడ డాక్టరు గుక్కతిప్పుకోకుండా చెప్తుంది. ఒకాయన రిపోర్టు మధ్యలో అరటిపండు తింటాడు. వాళ్లలో ఒక్కరిని కూడా నేను కలవలేదు, వాళ్లకి నేనున్నానని కూడా తెలీదు. కానీ ఎవరికి దగ్గు పట్టుకుందో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో నాకు తెలిసిపోతుంది.

నీ భాగం విన్నాను. ఇన్‌స్పెక్టరు బాగున్నాడు. త్వరగా ఫోన్ బాగుచేయించుకో.

బావ


దుకాణం పై గది,
మంగళవారం

బావా,

వచ్చేసింది! ఖాళీ వదలకుండా కొట్టి, అది నన్ను తిట్టి, నేను దాన్ని తిట్టి, చివరికి తలప్రాణం తోకకొచ్చాక నా గొంతు నాకే వినపడింది. ఉలిక్కిపడ్డాను. ఎవరి గొంతు వాళ్లకి పరాయిగా ఉంటుందట కదా, అందుకేలే.

ఇంకో వింత. బాణం నొక్కబోయి పక్కన చదరపు బ్రాకెట్టు నొక్కాను. మళ్లీ నొక్కాను. ఇక చూడు, నా గొంతు పిచ్చుకలా కిచకిచలాడుతూ పరుగు లంకించుకుంది. ఇన్‌స్పెక్టరు, శవం, కెప్టెను అందరూ కలిసి ఒకే పిచ్చుక. కింద ఇస్త్రీ చేసే ఆవిడ పైకొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వింది. రెండో బ్రాకెట్టు నొక్కితే మళ్లీ దారికొచ్చింది. ఇదెవరికి పనికొస్తుంది బావా? ఇలా వినేవాళ్లు కూడా ఉంటారా?

ఈసారి రెండు భాగాలు పంపుతున్నాను. మొదలుపెట్టింది ముగిస్తే మంచిదనిపించింది. నువ్వు కూడా హంతకుడెవరో తెలుసుకోకుండా ఎన్నాళ్లుంటావు పాపం.

దుకాణంలో ఈమధ్య బేరాలన్నీ ఇస్త్రీ ఆవిడకే వదిలేశాను. వచ్చినవాళ్లు ఏదో అడుగుతారు, ఆవిడ చెప్తుంది, నేను వెనక కూర్చుని తలూపుతాను. యజమానురాలి దర్జా అంటే ఇలా ఉండాలి. ఫోన్ ఇంకా బాగుచేసి ఇవ్వలేదు, ఆదివారాలు కూడా తీరిక ఉండటం లేదు.

వసపిట్ట


నాలుగో అంతస్తు, వంటగది బల్ల,
ఆదివారం

వసపిట్టా,

బ్రాకెట్టు పనిలో వాడతాం. డాక్టర్లు గంటలు గంటలు మాట్లాడతారు, వేగం పెంచి వినకపోతే పని తెమలదు. అలవాటైతే పిచ్చుక మాటా అర్థమవుతుంది. నువ్వు దాని జోలికి పోకు.

ఈ రోజు ఆదివారం. ఫోన్ పక్కనే కూర్చుని టీ తాగాను. చల్లారిపోయాక తాగాను. పక్కింటాయన తలుపు తట్టి, 'ఏమైనా కావాలా' అన్నాడు. 'ఏమీ వద్దండీ' అన్నాను. మంచివాడే, కానీ ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడి మాట్లాడతాడు. తలుపేసేశాక మళ్లీ సోమవారం దాకా నాతో మాట్లాడేది డబ్బాగొంతాయన ఒక్కడే. ఇదివరకు ఆదివారం నువ్వు ఫోన్ చేసి గంటసేపు నా చెవిలో పోరుపెట్టేదానివి. ఎప్పుడు పెట్టేస్తావా అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ పోరుకే మొహం వాచి ఉన్నాను.

నా మీద ఏమైనా కోపమా? ఉంటే మొహం మీదే చెప్పు. మీ అక్క పోయాక ఈ లోకంలో నన్ను తిట్టే హక్కున్నది నువ్వొక్కదానివే.

పంపిన రెండు భాగాలూ విన్నాను. చాలా బాగా చదువుతున్నావు. నీ గొంతు ఖంగున మోగుతోంది.

బావ


దుకాణం పై గది,
శుక్రవారం

బావా,

ఖంగున మోగుతోందా? సరే.

ఇంకో భాగం పంపుతున్నాను. కోపమేమీ లేదు. పని ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు


నాలుగో అంతస్తు, వంటగది బల్ల,
బుధవారం

అమ్మాయీ,

ఈ ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక మూడుసార్లు కొట్టి తుడిచేశాను.

సోమవారం ఆఫీసు టెక్నీషియన్ వచ్చి నా కంప్యూటరులో ఏవో కొత్తవి ఎక్కించి వెళ్లింది. మంచి మనిషి, పాతవన్నీ తుడిచి శుభ్రంగా పెట్టానంది. ఆ తుడవడంలో నేను నా ప్లేయరు కోసం రాసి దాచుకున్న ఒక్క వాక్యం కూడా పోయింది. ఏ ఫైలు పెట్టినా దాదాపు రెట్టింపు వేగంతో పాడమని దానికి చెప్పే వాక్యం అది. నాకా సంగతి తెలీదు. సాయంత్రం ఎప్పటిలాగే ప్లే అని కొట్టి, ఖాళీ వదిలి, నీ కొత్త భాగం పేరు కొట్టాను.

మామూలు వేగంలో వచ్చింది.

ముందు ఫైలు పాడైపోయిందనుకున్నాను. ఎవరో ముసలావిడ, ఊపిరందక, మాటమాటకీ ఆగి, గొంతులో ఇసుక పోసినట్టు చదువుతోంది. వాక్యం చివరికొచ్చేసరికి గాలి తప్ప మాట రావడం లేదు. ఇన్‌స్పెక్టరు ఆ పేజీల్లో ఎక్కడా లేడు. ఎవరి జలుబో నటించాల్సిన అవసరం నీకక్కడ లేదు. వెనకటి భాగాలు ఒక్కొక్కటే తీసి అదే వేగంలో విన్నాను. మొదటి భాగంలో నువ్వు నువ్వే. వరసగా వింటుంటే, 'నా కళ్లముందే' అనబోయాను, నా చెవుల ముందే నీ గొంతు అరిగిపోయింది.

ఇలాంటి గొంతు గురించి నేను ఉద్యోగంలో ఎన్నిసార్లు టైపు చేశానో! వారాల తరబడి తగ్గని బొంగురు, మింగితే నొప్పి, ఇంకా ఏవేవో. ఆ మాటలు నా వేళ్లకి అలవాటే. నీ గొంతు మాత్రం నా చెవికెక్కలేదు. నువ్వు ఆ గొంతుతో కష్టపడి చదివి పంపితే, ఖంగున మోగుతోందని రాశానే, ఆ మాట తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

వేగం పనివల్ల వచ్చిన అలవాటని నీకు రాశాను. అది సగమే నిజం. నువ్వు మొదట పంపిన భాగం మామూలు వేగంలోనే పెట్టాను. నాలుగు మాటలు వినేసరికి మీ అక్క ఆ కుర్చీలో కూర్చుని చదువుతున్నట్టే ఉంది. అదే గొంతు, అదే పేజీ తిప్పడం. చెయ్యి చాపాను కూడా. అక్కడేముంటుంది, కుర్చీ ఉంది. ఆ రోజు నుంచి నిన్ను పిచ్చుకని చేసి వింటున్నాను. పిచ్చుకయితే ఎవరి గొంతూ కాదు కదా, కథ తెలుస్తుంది, అంతే.

ఇప్పుడు దాచకుండా చెప్పు. డాక్టరుకి చూపించావా? ఏమన్నాడు? ఫోన్ బాగానే ఉంది కదా?

బావ


దుకాణం పై గది,
సోమవారం

బావా,

ఫోన్ బాగానే ఉంది. పాడైంది నేనే.

చూపించాను. స్వరపేటికలో క్యాన్సర్. బాగా పాకిందట, మొత్తం తీసేయాలంటున్నారు. వచ్చే నెల మొదటి వారంలో ఆపరేషన్. ఆ తర్వాత మెడ దగ్గర చిన్న కన్నం ఉంటుంది, ఊపిరి అందులోంచే. ఇక మాట ఉండదు. ఎప్పటికైనా ఏదో మిషన్ పెట్టి గరగరా మాట్లాడించొచ్చేమో చూద్దామన్నాడు డాక్టరు. నేను గట్టిగా అడగలేదు, అడగడానికి గొంతు లేదు. తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నాడు, అదొక్కటి మాత్రం రెండుసార్లు చెప్పాడు. ఇదీ సంగతి. నువ్వు అడిగావు, నేను చెప్పాను.

ఇక నా వంతు. నాకు ఒళ్లు మండిపోతోంది బావా. ఇన్నాళ్లూ నువ్వు నన్ను విననే లేదన్నమాట!

నేనెందుకు చదవడం మొదలుపెట్టాననుకున్నావు? నాకు హత్యల కథలంటే పడదని నీకు తెలుసు, రక్తం అనే మాట వస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. చిన్నప్పటి నుంచి మా ఇద్దరివీ ఒకే గొంతని అందరూ అనేవాళ్లు. ఫోన్ ఎత్తితే నన్ను అక్క అనుకునేవాళ్లు, తనని నేననుకునేవాళ్లు. అక్క పోయాక నువ్వు ఒక్కడివే ఆ ఇంట్లో ఎలా ఉంటావో అనుకున్నాను. అక్క గొంతు నా దగ్గరుంది, నా దగ్గర ఊరికే పడి ఉండటం దేనికి, బావకి పంపిద్దాం అనుకున్నాను. అదే నీకు కావాలనుకున్నాను. అది వద్దనే నువ్వు బ్రాకెట్టు నొక్కుతున్నావని నాకేం తెలుసు?

జబ్బు సంగతి తెలిశాక ఇంకా తొందరపడ్డాను. గొంతు పోయేలోపు పుస్తకం పూర్తి చేస్తే, బావ దగ్గర ఉండిపోతుంది కదా అనుకున్నాను. రెండు పేజీలు చదవడం, నీళ్లు తాగడం, మళ్లీ చదవడం. ఇస్త్రీ ఆవిడ కోప్పడింది, నోరు మూసుకుని కూర్చోమంది. నీ కోసమని ఆవిడ మాట వినలేదు. నువ్వు ఖంగున మోగుతోందని రాశావు. ఆ రోజు మిషన్ ముందు కూర్చుని ఒకరి కోటు చెయ్యి తలకిందులుగా కుట్టేశాను.

నన్ను నన్నుగా విన్నవాళ్లు ఎవరున్నారు బావా? అందరికీ నేను అక్క గొంతునే. నీకు అదీ కాదు, పిచ్చుకని.

ఆపరేషన్‌కి వస్తానని మాత్రం అనకు. నువ్వొచ్చి ఏం చేస్తావు? నేను మాట్లాడలేను, నువ్వు చూడలేవు. కాగితం మీద రాసి చూపిస్తే చదవలేవు, సైగ చేస్తే కనపడదు. ఒకే గదిలో ఇద్దరం చెరో గోడలా కూర్చోవాలి. దానికంటే దూరంగా ఉండి ఉత్తరాలు రాసుకోవడమే నయం.

మరదలు


నాలుగో అంతస్తు, వంటగది బల్ల,
శుక్రవారం

వసపిట్టా,

తిట్టావు, బాగుంది. ఇంకా తిట్టాల్సింది. డబ్బాగొంతాయన చేత నాలుగుసార్లు చదివించుకున్నాను.

ఆఫీసుకి సెలవు పెట్టాను. ఈ మూడు రోజులూ నీ భాగాలన్నీ మొదటి నుంచి మామూలు వేగంలో విన్నాను. బ్రాకెట్టు ముట్టుకోలేదు. మొదటి రోజు ఏడ్చాను, మీ అక్క కోసమే ఏడ్చాను, అబద్ధం చెప్పను. రెండో రోజు ఎడమ బాణం నొక్కి నొక్కి, ఒక్కో చోట పదేపదే విన్నాను. అప్పుడు తెలిసింది.

అది మీ అక్క గొంతు కాదు. దగ్గరగా ఉంటుంది, అంతే. మీ అక్క చదివేటప్పుడు ఎవరి మాటలైనా ఒకే తీరుగా చదివేది, దొంగైనా పోలీసైనా తనకొకటే. నువ్వలా కాదు. నీకు నచ్చనివాడు మాట్లాడితే గొంతులో చిన్న విసుగు దొర్లుతుంది. కెప్టెను భార్య అంటే నీకు అస్సలు పడదు, ఆవిడ మాటలు చదివిన ప్రతిసారీ ముందు ఒక చిన్న 'హుఁ' అంటావు, అది పుస్తకంలో ఉండదు. నవ్వొచ్చే చోటుకి రాకముందే నువ్వు నవ్వేస్తావు. రక్తం అనే మాట ముందు గుటక మింగుతావు. భాగం అయిపోయాక రికార్డు ఆపడానికి మీట వెతుక్కుంటూ 'ఎక్కడ చచ్చిందిది' అంటావు, అది ప్రతి ఫైలు చివరా ఉంది. పిచ్చుక వేగంలో అది నాకు ఒక్కసారి కూడా తెలియలేదు.

మీ అక్క ఆ మాట చచ్చినా అనదు. అది నువ్వే. ఇన్నాళ్లూ నీ గొంతులో నేను మీ అక్కనే వెతుక్కున్నాను, లేదంటే పారిపోయాను. నిన్ను మాత్రం ఈ వారమే విన్నాను. ఆలస్యంగా విన్నానని నాకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను. పుస్తకం ఇక వద్దు. ఇంకెవరో రాసింది చదివి ఊపిరి ఖర్చుపెట్టకు. ఆపరేషన్‌కి ముందు నీ గొంతుతో నీ మాటలు కొన్ని పంపు. ఏదైనా సరే, ఒక్క నిమిషమైనా సరే.

రావద్దన్నావు. వస్తున్నాను. రైల్లో ఎక్కించడానికి పక్కింటాయన ఒప్పుకున్నాడు, మొట్టమొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చున్నాడు కూడా. దింపుకోవడానికి మీ ఇస్త్రీ ఆవిడని పంపించు. నా మిషన్ తెస్తాను. నువ్వు కొడితే నా చెవిలో చదువుతుంది. ఇద్దరం చెరో గోడలా కూర్చోం.

బావ


దుకాణం పై గది,
ఆదివారం

బావా,

నీ మొండితనం ముందు నా క్యాన్సర్ ఏపాటిది! సరే, రా. ఇస్త్రీ ఆవిడ స్టేషన్‌కి వస్తుంది, గట్టిగా మాట్లాడే మనిషి, గుర్తుపట్టడం కష్టం కాదు.

ఈ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక్క ఫైలు ఉంది. నా మాటలు పంపమన్నావు. కూర్చున్నాను, మీట నొక్కాను, ఏం మాట్లాడాలో ఒక్క ముక్క తట్టలేదు. ఇంత వాగుడుకాయనీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. చిన్నప్పటి సంగతులు చెబుదామంటే అన్నింట్లోనూ అక్కే వస్తోంది. చివరికి నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. పెళ్లిచూపుల్లో నువ్వు నా చెప్పులు వేసుకుని వెళ్లిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, బ్రాకెట్టు దాకా వచ్చాను. మధ్యలో గొంతు రాకపోతే నీళ్లు తాగి మళ్లీ తిట్టాను. కసితీరా తిట్టాను. హాయిగా ఉంది.

ఫైలు పేరు 'తిట్లు'. ఖాళీ వదలడం మర్చిపోకు.

డాక్టరు రేపటి నుంచి అసలు మాట్లాడొద్దన్నాడు. అందుకని ఇస్త్రీ ఆవిడని పిలిచి, చివరిగా ఏమైనా మాట్లాడుకుందామన్నాను. 'ఆ బూడిదరంగు కోటు ఎవరిదమ్మా, మూడు వారాలైంది, తీసుకెళ్లలేదు' అంది ఆవిడ. 'ఎవరిదో నాకూ తెలీదు' అన్నాను. నా గొంతుతో నేను ఇంకో మనిషితో మాట్లాడిన ఆఖరి మాట అదే అవుతుందేమో. భయంగా ఉంది బావా. నీతో కాబట్టి చెప్తున్నాను, చాలా భయంగా ఉంది.

వసపిట్ట


ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.
నువ్వు కూర్చున్న కుర్చీకి జానెడు దూరం.

బావా,

నీ మిషన్ నా ఒళ్లో పెట్టి, చెవిలో వైరు పెట్టుకుని, 'ఊఁ, కొట్టు' అన్నావు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఉత్తరం రాయడం ఏమిటో! అలవాటు కొద్దీ పైన చిరునామా కూడా కొట్టేశాను. నువ్వు నవ్వావు. నీ నవ్వు చూసి చాలా కాలమైంది, పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

కట్లు ఉన్నాయి, మెడ తిప్పలేను. నొప్పి పరవాలేదు, మందిస్తున్నారు. నర్సు మంచిది, కానీ నేను మాట్లాడలేనంటే చెవిటిదాన్ననుకుని నా చెవి దగ్గర అరుస్తోంది. పక్క మంచం ఆవిడ కూడా అంతే. నిన్ను చూసి, నీకు చూపు లేదని తెలిసి, నీ చెవి దగ్గరా అరిచింది కదా. ఇద్దరం భలే దొరికాం వీళ్లకి.

మొన్న తెలివి వచ్చాక ఏం జరిగిందో నీకు చెప్పలేదు, చెబుతాను. కళ్లు తెరిచేసరికి గదిలో ఎవరూ లేరు. దాహం వేసింది. 'అమ్మా' అని పిలిచాను. నోరు తెరుచుకుంది, పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు. మళ్లీ పిలిచాను. నీళ్ల గ్లాసు కనబడుతూనే ఉంది, అందలేదు. వరండాలో మనుషులు నడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. నేను నోరారా పిలుస్తున్నానని వాళ్లెవరికీ తెలీదు. అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు. ఆదివారాలు ఆ ఇంట్లో నువ్వు ఎలా ఉంటావో అప్పుడు అర్థమైంది.

'తిట్లు' విన్నానని వచ్చీరాగానే చెప్పావు. రైలెక్కే ముందు ఒకసారి, రైల్లో ఒకసారి, మామూలు వేగంలో విన్నానన్నావు. చెప్పుల సంగతి ఒప్పుకోలేదు, అవి నీవేనంటున్నావు. నేను జవాబు కొట్టేలోపే పక్కింటాయన సంగతికి దూకేశావు. ఇకనుంచి మన పోట్లాటల్లో నీదే పైచేయి, నేను టైపు చేసేసరికి నువ్వు ఇంకో మాటలో ఉంటావు. ఆ అన్యాయం కుదరదు. నేను కొడుతున్నంతసేపూ నువ్వు నోరు మూసుకోవాలి.

ఇప్పుడు మూసుకునే కూర్చున్నావు. నా వైపే మొహం పెట్టి, తల కాస్త పక్కకి వంచి, ఏదో వినపడుతుందేమోనని చూస్తున్నావు. డబ్బాగొంతాయన తప్ప ఏమీ వినపడటం లేదు కదా. ఇందాక కొట్టడం ఆపితే నేను నిద్రపోయాననుకున్నావు, దుప్పటి సర్దబోయావు. నిద్రపోలేదు బావా. నాకిప్పుడు చప్పుడు రాదు, నీకు కనపడదు, నేను కొడితే తప్ప నీకు తెలిసే దారి లేదు. అందుకని కొడుతున్నాను.

నేను ఏడుస్తున్నాను.

ఇందాకటి నుంచి ఏడుస్తూనే ఉన్నాను. నీ చెయ్యి ఇటు చాపు. కుడివైపు. ఇంకొంచెం పైకి. ఆఁ, అక్కడే ఉంచు.